కట్టు విప్పాక తొడ మాట వినలేదు

మీరు అడిగింది: "ఎముకలకు అంటుకుని ఉండే కండరాలు లోపల ఎలా ఉంటాయి, ఎలా పనిచేస్తాయి? మా నాన్నగారి కాలు ఆరు వారాలు కట్టులో ఉంది. విప్పి చూస్తే తొడ సగమైపోయింది. ఆ కండ మళ్లీ వస్తుందా?"

వస్తుంది. ముందు ఈ ముక్క చెప్పేస్తున్నాను, ఎందుకంటే మూడేళ్ల కిందట నాకు ఎవరూ చెప్పక రెండు రాత్రులు నిద్రపోలేదు.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. పంతొమ్మిదేళ్లుగా ఏటా బైపీసీ రెండో సంవత్సరం పిల్లలకు కండరాల పాఠం చెబుతూ, అదే బొమ్మ బోర్డు మీద గీస్తూ ఉన్నాను. కళ్లు మూసుకుని గీయమన్నా గీస్తాను. అలాంటివాణ్ని ఒక వానాకాలం పొద్దున పెరట్లో నాచు మీద జారి మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాను. ముక్కలు పక్కకు జరగలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదన్నారు. తొడ మొదలు నుంచి చీలమండ పై దాకా సిమెంట్ కట్టు, ఆరు వారాలు. మా మేనత్త మాత్రం పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దామని మొదటిరోజు నుంచీ పోరుతూనే ఉంది. అదో పెద్ద కథ, వదిలేద్దాం.

కట్టు కోసిన రోజు బయటపడిన కాలు నాది అనిపించలేదు. పొట్టులా రాలుతున్న చర్మం, దాని కింద వేలాడుతున్న తొడ. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి టేపు తీసి చిప్పకు పైన ఒకేచోట రెండు కాళ్లూ కొలిచింది. మంచి కాలు 49 సెంటీమీటర్లు, కట్టు కాలు 44. ఆ అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో, నన్ను "అంకుల్" అంది. ఆ క్షణంలో కాలి నొప్పి కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. మోకాలి కింద టవల్ చుట్టి పెట్టి, "దీన్ని మంచానికేసి నొక్కండి అంకుల్, తొడ బిగించండి" అంది.

నొక్కాను. అంటే, నొక్కుతున్నానని నేననుకున్నాను. పళ్లు బిగిశాయి, పొట్ట బిగిసింది, మంచి కాలి తొడ కూడా రాయిలా బిగిసింది. బిగియాల్సింది మాత్రం పిండిముద్దలా అలాగే పడుంది. కండర సంకోచం గురించి పంతొమ్మిదేళ్లు పాఠం చెప్పిన నాకు నా కండే సంకోచించడం లేదు. "నరం చచ్చిపోయిందేమో" అంది పక్కనున్న మా ఆవిడ భయంగా.

ఇక్కడ ఒక చిన్న పేచీ ఉంది. మన మాటల్లో అన్నీ నరాలే. ఇంజెక్షన్ నరానికి చేస్తారు, అది రక్తనాళం. మడమ వెనక గట్టిగా తాడులా తగిలేదాన్నీ నరమే అంటాం, అది కండను ఎముకకు కట్టే టెండాన్. రాత్రి తలగడ సరిగ్గా లేక "మెడ నరం పట్టేసింది" అంటాం, అక్కడ పట్టేసేది ఎక్కువసార్లు కండే. అసలు నరం మెదడు, వెన్నుపాముల నుంచి కబురు మోసుకొచ్చే తీగ. లాగేది కండ. ఈ రెండూ వేర్వేరని మనసులో పెట్టుకుంటే మీ నాన్నగారి కాలి సంగతి సగం అర్థమైనట్టే.

కండ లోపల చూడాలంటే మైక్రోస్కోపు కంటే ముందు వంటింటికి వెళ్లడం మంచిది. మనం తినే మాంసంలో ఎక్కువ భాగం అస్థి కండరమే, అంటే ఎముకల్ని కదిలించే కండ. మన ఒంట్లో ఇలాంటివి 600కు పైగా ఉంటాయి. మగవాళ్ల బరువులో దాదాపు 40 శాతం ఇవే, ఆడవాళ్లలో కొంచెం తక్కువ. పచ్చి మాంసం ముక్క మీద పల్చటి తెల్లపొర ఉంటుంది చూడండి, కండ మొత్తాన్ని చుట్టిన గలేబు అది. కోడి రొమ్ముముక్క ఉడికించి వేళ్లతో విడదీస్తే పోచలు పోచలుగా వస్తుంది. ఒక్కో పోచ ఒక కట్ట, దానికీ విడిగా ఒక పొర. ఆ కట్టలో వందల పోగులు, ప్రతి పోగు చుట్టూ ఇంకా పల్చటి పొర. కొబ్బరి తాడులో పీచు కలిసి పురి, పురులు కలిసి తాడు అయినట్టే. ఈ మూడు వరసల పొరలూ కండ చివరికొచ్చేసరికి ఒకటిగా కలిసిపోయి టెండాన్‌గా ఎముకలోకి దిగుతాయి. అందుకే ప్రతి పోగు లాగిన లాగుడూ వృథా కాకుండా ఎముకకు చేరుతుంది.

నాటుకోడి నమలలేక దవడలు నొప్పెట్టేదీ ఈ పొరల వల్లే. అవి కొలాజెన్ అనే ప్రొటీన్‌తో అల్లినవి, వయసు పెరిగే కొద్దీ ఆ అల్లిక బిగుస్తుంది. బ్రాయిలర్ కోడి నెలన్నరలోపే కూరైపోతుంది, దానికి బిగుసుకునే టైమ్ ఎక్కడిది. చాలాసేపు ఉడికిస్తే కొలాజెన్ కరిగి జిగురవుతుంది. పాయా చల్లారాక చేతికి అంటుకునే జిగురు అదే.

ఇక ఒక్క పోగు సంగతి. వెంట్రుక మందమో అంతకంటే తక్కువో ఉంటుంది, పొడవు మాత్రం సెంటీమీటర్లలో. అదంతా కలిపి ఒకే ఒక్క కణం అంటే పిల్లలు ఏటా నమ్మరు. మామూలు కణానికి ఒక కేంద్రకం ఉంటే దీనికి వందలు, అంచు వెంబడి బారుగా. లోపల ఇంకా సన్నని దారాలు, ప్రతి దారంలో రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి సార్కోమియర్లు. ఒక్కోటి పొడవు మిల్లీమీటరులో నాలుగు వందలో వంతు. పది సెంటీమీటర్ల పోగులో ఒకే వరసలో 40 వేలన్నమాట. ఒక్కో పెట్టె కుంచించుకునేది కంటికి ఆననంత. 40 వేలు ఒకేసారి కుంచించుకుంటే మీ మోకాలు సాగుతుంది.

క్లాసులో నేను దీనికి రెండు దువ్వెనలు వాడతాను. పళ్లు ఎదురెదురుగా పెట్టి ఒకదాని సందుల్లోకి ఒకటి దూరుస్తాను. ఏ పన్నూ పొట్టి కాలేదు, మొత్తం పొడవు మాత్రం తగ్గింది. సార్కోమియర్‌లో జరిగేది ఇదే. సన్నవి ఆక్టిన్ తంతువులు, లావువి మయోసిన్ తంతువులు, ఒకదాని మధ్యలోకి ఒకటి జారతాయి. 1954లో ఈ సంగతి 'నేచర్' పత్రిక ఒకే సంచికలో రెండు వేర్వేరు జట్లు బయటపెట్టాయి. ఒక జట్టులో ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్గర్కె. రెండో జట్టులో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్. ఇద్దరు హక్స్‌లీలూ చుట్టాలు కారు. పరీక్షలో పిల్లలు వీళ్లను అన్నదమ్ముల్ని చేసేస్తుంటారు.

మరి జార్చేది ఎవరు? బావిలోంచి బొక్కెన చేదడం గుర్తు తెచ్చుకోండి. ఒక చెయ్యి తాడు పట్టి లాగుతుంది, వదిలి ఇంకాస్త ముందుకెళ్లి మళ్లీ పడుతుంది, ఈలోపు రెండో చెయ్యి పట్టు వదలదు. మయోసిన్ తంతువు నిండా వందల బుల్లి తలలు ఉంటాయి. అవి ఆక్టిన్ అనే తాడును ఇలాగే చేదుతాయి. ఒక్కో లాగుకు జరిగేది మహా అయితే మిల్లీమీటరులో లక్షో వంతు. కొన్ని తలలు వదిలినప్పుడు కొన్ని పట్టుకుని ఉంటాయి కాబట్టి బొక్కెన బావిలో పడదు.

ఈ చేదుడు ఎప్పుడు పడితే అప్పుడు మొదలవకూడదు, అందుకని తాడుకు ఒక తొడుగు ఉంటుంది. నరం చివర నుంచి అసిటైల్‌కోలీన్ అనే రసాయనం విడుదలై పోగు మీద పడుతుంది. పోగు పొడవునా కరెంటు పాకి, సన్నని గొట్టాల గుండా లోపలికి దిగుతుంది. లోపల సంచుల్లో దాచిన కాల్షియం బయటకొస్తుంది. ఆ కాల్షియం ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకోగానే తొడుగు, అదే ట్రోపోమయోసిన్, పక్కకు జరుగుతుంది. తలలకు తాడు దొరుకుతుంది. నరం నుంచి కబురు ఆగితే పోగు ఆ కాల్షియాన్ని మళ్లీ సంచుల్లోకి తోడేస్తుంది, కండ వదులవుతుంది. ఇదంతా సెకనులో చిన్న భాగంలో అయిపోతుంది.

చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. లాగడానికే కాదు, పట్టు వదలడానికి కూడా శక్తి కావాలి. కణంలో శక్తిని మోసే ఏటీపీ అనే అణువు వచ్చి తగిలితే తప్ప మయోసిన్ తల ఆక్టిన్‌ను వదలదు. చనిపోయిన కొన్ని గంటలకు శవం బిగుసుకుపోయేది ఇందుకే. ఏటీపీ అయిపోయింది, పట్టిన పట్టు పట్టినట్టే ఉండిపోయింది. తర్వాత ప్రొటీన్లు చెడటం మొదలయ్యాకే మళ్లీ వదులవుతుంది.

ఏటీపీ మాట వచ్చిందంటే నేను పాఠం ఆపేసి భీమవరం వెళ్లిపోతాను, పిల్లలకు తెలుసు. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేశాడు. భాస్వరాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ కలిసి తయారుచేశారు. ఆ కొలతతో కండను పరీక్షిస్తుంటే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నాడు. కండలో నిలవుండే ఏటీపీ గట్టిగా పరిగెత్తితే రెండు మూడు సెకన్లకు సరిపోతుంది. వెంటనే దాన్ని నింపేది ఫాస్ఫోక్రియాటిన్, ఇంకో పది సెకన్ల దాకా. ఆ తర్వాతే చక్కెర, ఆక్సిజన్, కొవ్వుల వంతు. మా వీధి చివరి జిమ్‌లో కుర్రాళ్లు క్రియాటిన్ డబ్బాలు మోసుకుపోతుంటే, మీకు సుబ్బారావు ఎవరో తెలుసురా అని అడగాలనిపిస్తుంది. ఒకసారి ఒకణ్ని అడిగాను కూడా. "ఏ జిమ్ సార్?" అన్నాడు.

సరే, నా తొడ దగ్గరికొద్దాం. కండకు లాగడమే వచ్చు, నెట్టడం రాదు. కాలు చాచాలంటే తొడ ముందు ఉన్న నాలుగు కండలు లాగాలి, మడవాలంటే వెనకవి లాగాలి. ముందు నాలుగూ కలిసి ఒకే టెండాన్‌లోకి దిగుతాయి, దాని మధ్యలో మోకాలి చిప్ప కూర్చుని ఉంటుంది. బావి మీద గిలకలా తాడును ముందుకు ఎత్తిపట్టి లాగే బలం వృథా కాకుండా చూడటం దాని పని. నేను పగలగొట్టుకున్నది ఆ గిలకను.

"కండ బానే ఉంది అంకుల్, కరెంట్ రావట్లేదంతే" అంది ఆ అమ్మాయి. నిజమే. కీలు దెబ్బతిని వాచినప్పుడు అక్కణ్నుంచి వెళ్లే సంకేతాలు వెన్నుపాములోనే ఆ కండ నరాల్ని తొక్కిపెడతాయి. దెబ్బతిన్న మోకాలి మీద బరువు పడకుండా ఒళ్లు చేసుకున్న ఏర్పాటు అనుకోవచ్చు. చిక్కేమిటంటే ఎముక అతుక్కున్నా ఆ తొక్కిపట్టడం ఒకపట్టాన వదలదు. ఆమె తొడ మీద రెండు ప్యాడ్లు అంటించి మెషీన్ ఆన్ చేసింది. చీమలు పాకినట్టయి, నా ప్రమేయం లేకుండా తొడ దానంతటదే గట్టిపడి చిప్పను పైకి లాగింది. 1791లో గాల్వానీ అనే శాస్త్రవేత్త, కరెంటు తగిలి చచ్చిన కప్ప కాళ్లు కూడా ఎగిరిపడటం గురించి రాశాడని పాఠంలో చెబుతాను. ఆరోజు కప్పని నేనే.

మెషీన్ బిగించినప్పుడే నేనూ బిగించాలని చెప్పింది. రోజూ ఇంట్లో టవల్ పెట్టుకుని ప్రయత్నం. ఐదో రోజు సాయంత్రం మా ఆవిడ చిప్ప పైన చెయ్యేసి కూర్చుని టీవీ చూస్తూ, "ఇప్పుడు కదిలింది" అంది. నాకు ఏమీ తెలియలేదు. మళ్లీ నొక్కాను. "మళ్లీ" అంది.

కండ సన్నబడేది ఎందుకంటే, ఒంట్లో కండ ప్రొటీన్ రోజూ కొంత విరుగుతూ, కొంత కొత్తగా తయారవుతూ ఉంటుంది. పని లేకపోతే తయారీ పడిపోతుంది, విరగడం ఆగదు. ఆరు వారాల్లో లోటు తేలుతుంది. కానీ పోగులు చచ్చిపోవు, ఒక్కోటి సన్నబడుతుంది అంతే. తిరిగి రావడం కూడా అలాగే: కొత్త పోగులు పుట్టడం అన్నది దాదాపు ఉండదు, ఉన్నవే లావెక్కుతాయి. పోగు పక్కనే నిద్రపోతూ ఉండే మూలకణాలు లేచి, చీలి, దానికి కొత్త కేంద్రకాలు ఇస్తాయి. వీటిని 1961లో అలెగ్జాండర్ మౌరో మొదటిసారి చూశాడు.

ఇక్కడే నాన్నగారు నిరుత్సాహపడే ప్రమాదం ఉంది, ముందే చెప్పండి. మొదటి నెలలో టేపు పెద్దగా కదలదు. నాకు నాలుగో వారానికి చేతికర్ర లేకుండా మెట్లెక్కడం వచ్చింది, కొలత చూస్తే 44న్నర. మొదట పెరిగే బలం ఎక్కువగా నరాల వైపు నుంచి వస్తుంది. ఒక నరం తీగ ఒక గుంపు పోగుల్ని నడుపుతుంది. కంటిని తిప్పే కండల్లో ఆ గుంపులో పదో ఇరవయ్యో పోగులుంటే, తొడ, పిక్కల్లో వందల నుంచి వెయ్యికి పైగా కూడా ఉంటాయి. మూలపడ్డ గుంపులు ఒక్కొక్కటే మళ్లీ పనిలోకి దిగుతాయి. లావు కనిపించేది ఆ తర్వాత. నాకు 48కి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ మిగిలిన ఒక్క సెంటీమీటరు ఇంకా రాలేదు, నేనూ అడగడం మానేశాను.

ఏడాది తిరిగాక మొక్కు ఉందని అలిపిరి మెట్ల దారిన కొండెక్కాను, 3,550 మెట్లు. మోకాళ్ల పర్వతం దగ్గర ఆయాసం తప్ప కాలు బాగానే ఉంది. ఆ పొగరుతో దిగడం కూడా నడిచే దిగాను. మర్నాడు కంటే మూడోరోజు ఘోరం, కుర్చీలో కూర్చోవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. దిగేటప్పుడు తొడ కండ లాగుతూనే సాగుతూ ఉంటుంది, బ్రేకు వేసినట్టు. ఆ పని పోగుల్లో సన్నని చిరుగుళ్లు తెస్తుంది, నొప్పి ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకుని నొప్పి అని ఏటా పిల్లలు రాస్తారు, నేను సున్నా వేస్తాను. అది గంటా రెండు గంటల్లో కండలోంచి పోతుంది, మూడోరోజు దాకా ఉండదు.

నాన్నగారి విషయంలో నేను గట్టిగా చెప్పేవి కొన్నే. చుట్టాలు నూనె పెట్టి మర్దనా చేస్తే కండ వస్తుందంటారు. హాయిగా ఉంటుంది, కానీ దాంతో కండ పెరగదు. బిగించి లాగితేనే, బరువు మీద పడితేనే పెరుగుతుంది. పైగా పిక్క కండలు నడకలో రక్తాన్ని పైకి తోసే పంపులాంటివి. అవి వారాల తరబడి ఆగిపోతే లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఒక్క పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మర్దనా జోలికి పోకుండా అదేరోజు డాక్టరుకు చూపించండి. ఆయాసం కానీ గుండెనొప్పి కానీ ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే. తిండిలో పప్పు, గుడ్డు, పాలు, పెరుగు తగ్గనివ్వకండి, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం ఎంతన్నది డాక్టరే చెప్పాలి. వయసు మీద పడితే తిరిగి రావడం నెమ్మదిస్తుంది, ఆగిపోదు. నాకు కట్టు వేసిన ఆసుపత్రిలో కట్టులో ఉండగానే తొడ బిగించి వదలవచ్చని ఎవరూ చెప్పలేదు. తర్వాత ఈ అమ్మాయి, "మొదటి వారమే అడగాల్సింది అంకుల్" అంది. చెప్పని వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

నాన్నగారి ఎముక అతికిందని డాక్టరు సరే అన్నాక, టవల్ చుట్టి మోకాలి కింద పెట్టి నొక్కమనండి. మీ చెయ్యి చిప్పకు కాస్త పైన, లోపలి వైపు వేసి ఉంచండి. మొదటి కదలిక ఆయన కంటే ముందు మీ వేళ్లకే తెలుస్తుంది. తెలిసిన వెంటనే ఆయనకు పైకి చెప్పండి.